ఒకటే స్టాప్‌వాచ్: ఫుట్‌బాల్ రిఫరీ కావాలనుకునే అమ్మాయిల ప్రశ్నలకు జవాబులు

2022 డిసెంబర్ 1న ఖతార్‌లోని అల్ బైత్ స్టేడియంలో కోస్టారికా, జర్మనీ తలపడ్డ మ్యాచ్‌కి విజిల్ పట్టింది ఫ్రాన్స్‌కి చెందిన స్టెఫనీ ఫ్రపార్. పురుషుల ప్రపంచకప్ మ్యాచ్‌కి ఒక మహిళ ప్రధాన రిఫరీ కావడం అదే మొదటిసారి. రెండు లైన్ల మీదా (జెండా పట్టే అసిస్టెంట్ రిఫరీలుగా) మహిళలే ఉన్నారు: బ్రెజిల్ నుంచి నెవుజా బాక్, మెక్సికో నుంచి కరెన్ దియాస్. కిందటి సంచికలో ఈ సంగతి నాలుగు ముక్కలు రాస్తే, ఇదెలా సాధ్యమైంది, మా అమ్మాయిలకీ వీలవుతుందా అంటూ చాలా ఉత్తరాలు వచ్చాయి. ఒకే తీరుగా ఉన్నవాటిని కలిపి జవాబిస్తున్నాం.

ఇంటర్ దాకా కాలేజీ జట్టులో ఆడాను. మోకాలి దెబ్బతో ఆట ఆగిపోయింది. ఇప్పుడు నాకు 19. రిఫరీ కావాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి? మగవాళ్ల లీగుల దాకా వెళ్లే వీలుందా? (ఓ డిగ్రీ విద్యార్థిని, నిజామాబాద్)

ముందు మోకాలి సంగతి. రిఫరీ అంటే నేరుగా పరుగెత్తేవాళ్లు మాత్రమే కాదు. వెనక్కి పరుగు, పక్కకి అడుగులు, ఉన్నట్టుండి తిరగడం, అన్నీ ఉంటాయి. లిగమెంట్ గాయమైతే ఫిజియోథెరపిస్టు సరేననేదాకా కోర్సులో చేరకండి. ఈలోగా చదువుకోవచ్చు. ఆట నియమాలు మొత్తం 17. ఆ పుస్తకాన్ని ఐఎఫ్‌ఏబీ అనే సంస్థ ఏటా సవరిస్తుంది, వెబ్‌సైట్‌లో ఉచితంగానే ఇస్తుంది. ఒకటో నియమం నుంచి వరసగా చదివితే మైదానం కొలతల దగ్గరే నిద్రొస్తుంది. అయిదో నియమం (రిఫరీ), పదకొండు (ఆఫ్‌సైడ్, అంటే పాస్ ఇచ్చే క్షణానికి బంతినీ చివరినుంచి రెండో డిఫెండర్‌నీ దాటి గోల్‌కి దగ్గరగా ఉండటం), పన్నెండు (ఫౌళ్లు, దుష్ప్రవర్తన) ముందు చదవండి. పరీక్షలోనూ మైదానంలోనూ చిక్కులు అక్కడే.

తర్వాత జిల్లా ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శిని కలవండి. రిఫరీ కోర్సులు రాష్ట్ర సంఘం ద్వారా జరుగుతాయి. రాత పరీక్ష, పరుగు పరీక్ష, మైదానంలో ప్రాక్టికల్ ఉంటాయి. పాసైనవాళ్లకి స్కూలు, కాలేజీ టోర్నీలతో మొదలై రాష్ట్ర లీగు మ్యాచ్‌లు వస్తాయి. అక్కడ పనితీరు బాగుంటే అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య పెట్టే జాతీయ స్థాయి పరీక్షకి పంపుతారు. ఆ పైమెట్టు ఫిఫా జాబితా. సమాఖ్య ఏటా పేర్లు పంపుతుంది, బ్యాడ్జీ ఆ ఒక్క క్యాలెండర్ సంవత్సరానికే చెల్లుతుంది, మరుసటి ఏడు మళ్లీ నిలబెట్టుకోవాలి. ఫిఫా జాబితాలోకి వెళ్లాలంటే రిఫరీకి కనీసం 25 ఏళ్లు, అసిస్టెంట్ రిఫరీకి 23 నిండాలి. దేశంలోని అగ్రశ్రేణి పోటీల్లో కనీసం రెండేళ్ల అనుభవం కూడా ఉండాలి. అంటే మీ చేతిలో ఆరేళ్లున్నాయి. ఎక్కువేమీ కాదు.

ఫిఫా జాబితాలో రిఫరీలు వేరు, అసిస్టెంట్లు వేరు. గోవాకి చెందిన ఉవెనా ఫెర్నాండెజ్ అసిస్టెంట్‌గా పేరు తెచ్చుకున్నారు. మణిపూర్‌కి చెందిన రంజితా దేవి టెక్చమ్, బెంగాల్‌కి చెందిన కనికా బర్మన్ రిఫరీలుగా. మొదటి రెండేళ్లు రెండూ చేసి చూడండి. మనుషులతో మాట్లాడి నెగ్గుకురాగలను అనిపిస్తే విజిల్, కన్ను చురుకు అనిపిస్తే జెండా.

ఇక మగవాళ్ల లీగుల సంగతి. దారి ఉంది, కానీ పొడుగు. ఫ్రపార్ 13 ఏళ్లకే రిఫరీ పని మొదలుపెట్టారు. ఫ్రాన్స్ రెండో డివిజన్‌కి 2014లో వచ్చారు, మొదటి డివిజన్‌లో తొలి మ్యాచ్ (అమియెన్స్, స్ట్రాస్‌బుర్గ్) 2019 ఏప్రిల్‌లో. జర్మనీలో బిబియానా స్టయిన్‌హౌస్ రెండో డివిజన్‌కి 2007లో చేరితే, బుందెస్‌లీగా (అక్కడి మొదటి డివిజన్) మ్యాచ్ 2017 సెప్టెంబర్‌లో వచ్చింది. పదేళ్లు! ఇంగ్లండ్‌లో రెబెకా వెల్చ్ 2010లో మొదలుపెట్టి, 2023 డిసెంబర్ 23న ఫుల్‌హామ్, బర్న్‌లీ మ్యాచ్‌తో ప్రీమియర్ లీగ్‌లో అడుగుపెట్టారు. ముగ్గురి జీవితాల్లోనూ ఎక్కువ కాలం గడిచింది కింది మెట్ల మీదే. అందుకని మా సలహా ఒకటే: అమ్మాయిల మ్యాచ్‌లే ఇస్తామంటే అక్కడితో సరిపెట్టుకోకండి. అబ్బాయిల అండర్-17 మ్యాచ్‌లు అడిగి తీసుకోండి. ఆ వేగానికి కన్ను అలవాటు పడటానికే ఏళ్లు పడుతుంది.

ఆడవాళ్లకి పరుగు పరీక్ష తేలిగ్గా పెడతారని విన్నాను, నిజమేనా? మా స్కూలు పాత విద్యార్థినులు ఇద్దరు సిద్ధమవుతున్నారు. స్ప్రింట్ దాటేస్తున్నారు, రెండో పరీక్షలో సగం దాటాక కూలబడుతున్నారు. (ఓ పీఈటీ, కాకినాడ)

సగం నిజం. ఫిఫా ప్రమాణాల్లో ఆడవాళ్లకి వేరే సమయాలున్నాయి. కానీ అవి మహిళల మ్యాచ్‌లకే. పురుషుల పోటీల్లో పనిచేయాలంటే పురుషుల సమయంలోనే పూర్తి చేయాలి. ఆ స్టాప్‌వాచ్‌కి మనిషిని బట్టి మినహాయింపు లేదు.

అంకెలు ఇవి. రిఫరీకి మొదటి పరీక్ష 40 మీటర్ల స్ప్రింట్ ఆరుసార్లు, మధ్యలో 60 సెకన్ల విరామం. పురుషుల అంతర్జాతీయ ప్రమాణం ప్రతిసారీ 6.0 సెకన్లలోపు, మహిళలది 6.4. ఆరింటిలో ఒకటి తప్పితే వెంటనే ఏడోది పరుగెత్తనిస్తారు, రెండు తప్పితే ఫెయిల్. రెండో పరీక్ష 75 మీటర్ల పరుగు, 25 మీటర్ల నడక. ఇలా 40 సార్లు, అంటే 400 మీటర్ల ట్రాక్ మీద పది చుట్లు. పురుషులకి పరుగు 15 సెకన్లు, నడక 18. మహిళలకి 17, 20. పురుషుల లెక్కలో మొత్తం 22 నిమిషాలు, మహిళల లెక్కలో 24 నిమిషాల 40 సెకన్లు.

అసిస్టెంట్లకి ఇంకొకటి అదనం: దిశ మార్చే పరుగు. 10 మీటర్లు ముందుకి, 8 మీటర్లు పక్కకి, మళ్లీ 8 మీటర్లు పక్కకి వెనక్కి, 10 మీటర్లు తిరిగి మొదటి చోటికి. పురుషులకి 10 సెకన్లు, మహిళలకి 11. తర్వాత 30 మీటర్ల స్ప్రింట్ అయిదుసార్లు: 4.7 సెకన్లు, 5.1 సెకన్లు.

ఇక మీ పిల్లలు ఎందుకు కూలబడుతున్నారో చూద్దాం. మీరు రాసిన దాన్నిబట్టి వాళ్లు స్ప్రింట్ బాగా తీసేవాళ్లు. అలాంటివాళ్లు చేసే తప్పు ఒకటుంది. 15 సెకన్లు ఇస్తే 13లోనే గీత దాటేసి, మిగిలిన రెండు సెకన్లు నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడతారు. మొదటి చుట్టులో హాయిగానే ఉంటుంది. ఆరేడు చుట్లకి ఆ తొందరకి బాకీ తీర్చాల్సి వస్తుంది. 75 మీటర్లు 15 సెకన్లలో అంటే గంటకి 18 కిలోమీటర్ల వేగం. అంతకంటే వేగంగా వెళ్లినందుకు అదనపు మార్కులేమీ లేవు. విజిల్ మోగేసరికి కాలు గీత మీద పడాలి, అంతే. నడక కూడా అలాగే. 25 మీటర్లు 18 సెకన్లలో అంటే గంటకి అయిదు కిలోమీటర్లు, చురుకైన నడక. వంగి మోకాళ్లు పట్టుకుంటే సమయం పోతుంది, ఊపిరీ సరిగా అందదు. తల పైకెత్తి, చేతులు వదులుగా ఊపుతూ నడవమనండి. సమయానికి గీత చేరకపోతే మొదటిసారి హెచ్చరిక, రెండోసారి ఆపేస్తారు.

సాధన ఇలా పెట్టండి. వారానికి రెండు రోజులే ఇంటర్వెల్. మొదటి రెండు వారాలు పరుగు 17, నడక 22 సెకన్లతో 16 సార్లు, అంటే నాలుగు చుట్లు. ఆపైన వారానికి నాలుగేసి పెంచండి. 40 సార్లు సునాయాసంగా వచ్చాకే సమయం తగ్గించండి. దూరం, వేగం రెండూ ఒకే వారంలో పెంచితే తొడ వెనక కండరం పట్టేస్తుంది. మరో రోజు స్ప్రింట్లు, ఇంకో రోజు కాళ్లకి, నడుముకి బలం. పరీక్షకి ముందు వారం బరువులు వద్దు. అన్నట్టు చేతి స్టాప్‌వాచ్‌ని నమ్ముకోకండి. నొక్కడంలో ఆలస్యం వల్ల అది దాదాపు 0.2 సెకన్లు తక్కువ చూపిస్తుంది. మీ గడియారంలో 6.4 వస్తే పరీక్షలోని ఎలక్ట్రానిక్ గేట్ల దగ్గర 6.6 అవుతుంది. పరుగు మొదలయ్యేది కూడా గేటుకి 1.5 మీటర్ల వెనక నుంచి. ఇంట్లో గీత మీదే నిలబడి సాధన చేసినవాళ్లు అక్కడ తడబడతారు.

ఎండాకాలంలో కాకినాడ ఉక్క తెలిసిందే. ఉదయం అయిదున్నరకి మొదలుపెట్టి ఏడుకల్లా ముగించండి.

మా అబ్బాయిల లీగ్‌లోనే రిఫరీ మీదికి పది మంది ఎగబడతారు. అయిదడుగుల నాలుగంగుళాల ఆడమనిషి ఆరడుగుల ఆటగాళ్లని ఎలా అదుపు చేస్తుంది? వెటకారం కాదు, నిజంగా తెలుసుకోవాలనే. (ఓ ఆటగాడు, హైదరాబాద్)

మీరు చెప్పిన ఎత్తు దాదాపుగా ఫ్రపార్‌దే, 1.64 మీటర్లు. 2019 ఆగస్టు 14న ఇస్తాంబుల్‌లో లివర్‌పూల్, చెల్సీ జట్ల యూఈఎఫ్‌ఏ సూపర్ కప్ మ్యాచ్ ఆవిడే నడిపారు. 2-2తో అదనపు సమయం దాటి, పెనాల్టీల దాకా వెళ్లిన మ్యాచ్. ఆ స్థాయిలో ఎత్తు లెక్కలోకి రాదు. ఫౌల్ జరిగినప్పుడు రిఫరీ ఎక్కడ ఉన్నారన్నదే లెక్క.

పది, పదిహేను మీటర్ల దూరంలో, బంతికీ ఆటగాడికీ మధ్య సందు కనిపించే కోణంలో నిలబడి విజిల్ ఊదితే ఎవరూ పెద్దగా గొడవపడరు. నలభై మీటర్ల నుంచి అదే నిర్ణయం ఇస్తే, అది సరైనదైనా సరే, అందరూ మీద పడతారు. అందుకే మైదానానికి అడ్డంగా, మూల నుంచి మూలకి పరుగెత్తే పద్ధతి. ఒక లైన్ మీద అసిస్టెంట్ ఉన్న వైపు రిఫరీ వెళ్లరు, ఆట ఎప్పుడూ ఇద్దరి చూపుల మధ్య ఉంటుంది.

ఇంకొన్ని చిన్న పనులున్నాయి. మామూలు ఫౌల్‌కి చిన్న విజిల్, ప్రమాదకరమైన టాకిల్‌కి పొడవుగా గట్టిగా. అన్నిటికీ ఒకేలా ఊదితే అసలైనప్పుడు ఎవరూ వినరు. కార్డు చూపేముందు ఆటగాణ్ణి గుంపులోంచి బయటికి పిలవాలి, మూడడుగుల దూరం ఉంచాలి, కార్డుని ముఖం మీద కాకుండా పైకెత్తాలి. తోపులాట మొదలైతే మధ్యలోకి దూరి విడదీయకూడదు. ఆటగాళ్లని తాకకూడదు. వెనక్కి నాలుగడుగులు వేసి, అందరూ కనిపించే చోట నిలబడి, దూరం నుంచి పరుగెత్తుకొచ్చిన వాడి నంబరు గుర్తుపెట్టుకోవాలి. గొడవ ఇద్దరితో మొదలైనా పెద్దదయ్యేది ఆ మూడోవాడి వల్ల. ఇప్పుడు చాలా పోటీల్లో కెప్టెన్ మాత్రమే రిఫరీ దగ్గరికి రావాలనే పద్ధతి పెట్టారు. మీ లీగ్‌లోనూ పెట్టించండి, సగం గోల తగ్గుతుంది.

ఆడమనిషి కాబట్టి వచ్చే అదనపు పరీక్షలూ లేకపోలేదు. 2017 ఆగస్టులో జర్మన్ కప్ మ్యాచ్‌లో బయర్న్ మ్యూనిక్ ఆటగాడు ఫ్రాంక్ రిబెరీ, ఫ్రీకిక్‌కి బంతి సర్దుతున్న నెపంతో స్టయిన్‌హౌస్ బూటు లేసు విప్పేశాడు. ఆవిడ నవ్వి సరదాగా ఓ దెబ్బ వేసి వదిలేశారు. మ్యాచ్ ఆవిడ చేతిలో ఉంది కాబట్టి అది చెల్లింది. కొత్తగా వచ్చిన రిఫరీకి మాత్రం ఆ వెసులుబాటు ఉండదు. మొదటి పదిహేను నిమిషాల్లో ఇలాంటి చనువు తీసుకుంటే గట్టిగా మందలించడమే మేలు. 2015లో ఫోర్చునా డ్యుసెల్‌డోర్ఫ్ ఆటగాడు కెరెమ్ దెమిర్బాయ్, రెడ్ కార్డు ఇచ్చిన ఇదే స్టయిన్‌హౌస్‌ని మగవాళ్ల ఫుట్‌బాల్‌లో ఆడవాళ్లకి చోటు లేదన్నాడు. అయిదు మ్యాచ్‌ల నిషేధం పడింది. పైగా క్లబ్బు అతన్ని అమ్మాయిల మ్యాచ్ ఒకదానికి రిఫరీగా పంపింది. శిక్ష కంటే ఆ రెండోదే మాకు నచ్చింది.

మొదటి మ్యాచ్‌కి ఏమేం తీసుకెళ్లాలి? నల్లపూసలు, ముక్కుపుడక తీయాలంటున్నారు, టేపు వేసుకుంటే సరిపోదా? (ఓ పాఠకురాలు, విశాఖపట్నం)

సరిపోదు. ఆటగాళ్లకి నగలు నిషేధం, టేపుతో కప్పడం కూడా ఒప్పుకోరు. రిఫరీలకీ నగలు నిషేధమే, సమయం చూసుకునే గడియారం ఒక్కటే మినహాయింపు. నల్లపూసలు, ముక్కుపుడక, గాజులు, మెట్టెలు అన్నీ ఇంట్లోనే తీసి రండి. మైదానం దగ్గర తీస్తే చిన్నవి పోతాయి, మనసూ వాటి మీదే ఉంటుంది. మీ ముక్కుకి పుడక ఉంచుకుని, ఎదుటి అమ్మాయిని చెవిపోగులు తీయమని ఏ మొహంతో చెబుతారు?

సంచిలో విజిళ్లు రెండు. లోపల గింజ లేనివి కొనండి. గింజ ఉన్నవి ఉమ్మి తడికి, బురదకి ఇరుక్కుని సరిగ్గా పెనాల్టీ దగ్గరే మూగబోతాయి. మెడలో తాడుతో వేలాడదీయకండి, పరుగులో ఎగిరి పళ్లకి తగులుతుంది. వేళ్లకో మణికట్టుకో తగిలించుకోండి. గడియారాలు రెండు: ఒకటి ఆగకుండా నడిచేది, రెండోది ఆట ఆగినప్పుడల్లా ఆపేది. నాణెం. పెన్సిళ్లు రెండు, వానలో పెన్ను రాయదు. గాలి కొలిచే గేజీ: బంతిలో ఒత్తిడి 0.6 నుంచి 1.1 అట్మాస్ఫియర్లు, బరువు 410 నుంచి 450 గ్రాములు ఉండాలి. కార్డులు రెండూ ఒకే జేబులో పెట్టొద్దు. పసుపుది చొక్కా జేబులో, ఎర్రది నిక్కరు జేబులో. ఆవేశంలో చేతికి ఏది అందితే అది బయటికొస్తుంది.

మ్యాచ్‌కి గంట ముందే మైదానం ఒకసారి చుట్టి రండి. వల కొక్కేలు ఊడి ఉన్నాయా, గోల్ స్తంభాలు నేలకి గట్టిగా బిగించి ఉన్నాయా చూడండి. మూల జెండా కర్ర అయిదడుగులకి తగ్గకూడదు, పొట్టిదైతే పొట్టలో గుచ్చుకుంటుంది.

కార్డు ఇచ్చాక రాసుకోవడం దగ్గర ప్రపంచకప్ రిఫరీలకే పొరపాటు జరిగింది. 2006 జూన్ 22న స్టుట్‌గార్ట్‌లో ఇంగ్లండ్ రిఫరీ గ్రాహం పోల్, క్రొయేషియా ఆటగాడు యోసిప్ షిమునిచ్‌కి ఆస్ట్రేలియాతో ఆడిన ఒకే మ్యాచ్‌లో మూడు పసుపు కార్డులు చూపించారు. రెండోదానికే బయటికి పంపాలి కదా? షిమునిచ్ ఆస్ట్రేలియాలో పెరిగినవాడు, మాట్లాడేది ఆస్ట్రేలియా యాసలో. పోల్ అతని కార్డుని ఆస్ట్రేలియా మూడో నంబరు గడిలో రాసుకున్నారు. అందుకే పుస్తకంలో వట్టి నంబరు రాయొద్దు. జట్టు రంగు మొదటి అక్షరం, నంబరు, నిమిషం, కారణం. "ఎ 3, 61ని, వాదన" అంత చాలు. రెండో పసుపు ఇచ్చేముందు జాబితాని ఒక్కసారి చూడండి.

ఆఫ్‌సైడ్ జెండా గోల్ పడ్డాక ఎత్తుతున్నారేం? ఆడవాళ్లకి ఆఫ్‌సైడ్ అర్థం కాదని మా బాబాయి ఇప్పటికీ అంటుంటాడు. (ఓ పాఠకుడు, ఖమ్మం)

మీ బాబాయి మాటకి జవాబు 2011లోనే దొరికింది. జనవరి 22న వుల్వ్స్, లివర్‌పూల్ మ్యాచ్‌కి సియాన్ మాసీ లైన్ మీద ఉన్నారు. టీవీ వ్యాఖ్యాతలు రిచర్డ్ కీస్, ఆండీ గ్రే సరిగ్గా మీ బాబాయి మాటే అన్నారు, మైకు ఆపేసి ఉందనుకుని. ఆ మ్యాచ్‌లోనే రౌల్ మెయిరెలెస్ వెంట్రుకవాసిలో ఆన్‌సైడ్‌లో ఉంటే మాసీ జెండా ఎత్తలేదు, అతని పాస్‌తో టోరెస్ గోల్ కొట్టాడు. రీప్లేలో ఆవిడే కరెక్టని తేలింది. గ్రే ఉద్యోగం ఊడింది, కీస్ రాజీనామా చేశాడు. మాసీ ఆ తర్వాత కూడా ప్రీమియర్ లీగ్‌లో ఏళ్లతరబడి జెండా పట్టారు.

జెండా ఆలస్యం కావాలనే. వీడియో రిఫరీ ఉన్న మ్యాచ్‌లో ముందే ఎత్తి ఆట ఆపేస్తే, అది తప్పని తేలినా పోయిన అవకాశం తిరిగి రాదు. ఆలస్యంగా ఎత్తితే గోల్‌ని వెనక్కి తీసుకోవచ్చు. వీడియో లేని మ్యాచ్‌లో కూడా ఆఫ్‌సైడ్‌లో ఉన్నవాడు బంతి ముట్టేదాకానో, ఆటలో జోక్యం చేసుకునేదాకానో ఆగాలి. మన టోర్నీల్లో జరిగే పొరపాటు దీనికి తిరగేసి. పాస్ వెళ్లగానే జెండా లేస్తుంది, వెనకనుంచి వేరేవాడు వచ్చి బంతి అందుకుంటాడు.

అసలు కష్టం కోణంలో ఉంది. అసిస్టెంట్ ఎప్పుడూ చివరినుంచి రెండో డిఫెండర్‌కి సరిగ్గా ఎదురుగా ఉండాలి. ఒక్క మీటరు గోల్ లైన్ వైపు ముందుకి జరిగారనుకోండి. డిఫెండర్ టచ్‌లైన్ నుంచి 20 మీటర్ల దూరంలో, ఫార్వర్డ్ అతనికి సమానంగా 40 మీటర్ల దూరంలో ఉన్నాడు. అసిస్టెంట్ కంటికి ఆ ఫార్వర్డ్ ఒక పూర్తి మీటరు ఆఫ్‌సైడ్‌లో కనిపిస్తాడు. కళ్లు మోసం చేయలేదు, కాళ్లు తప్పు చోట ఉన్నాయి. అందుకే పక్కకి అడుగులేసే సాధన అంత ముఖ్యం. ముఖం మైదానం వైపు ఉంచి జరిగితే లైన్ తప్పదు, తిరిగి పరుగెత్తితే ఆ అరసెకనులో తప్పిపోతుంది. జెండా ఎత్తాక అవతలి వైపు ఆఫ్‌సైడ్‌కి ఏటవాలుగా పైకి, మధ్యలోదానికి నేలకి సమాంతరంగా, ఇవతలి వైపుదానికి ఏటవాలుగా కిందికి చూపాలి.

మా అమ్మాయి రిఫరీ కోర్సు చేస్తానంటోంది. దీంతో బతుకు గడుస్తుందా? రాత్రిపూట ప్రయాణాలు, బట్టలు మార్చుకునే చోటు, ఇవన్నీ తల్చుకుంటే భయంగా ఉంది. (ఓ తల్లి, గుంటూరు)

భయం సహజమే అమ్మా. మొదటి ప్రశ్నకి సూటి జవాబు: మొదటి ఏళ్లలో గడవదు. మన దగ్గర మ్యాచ్‌కి ఫీజు, దారి ఖర్చు, భత్యం ఇస్తారు. రేటు టోర్నీని బట్టి మారుతుంది, డబ్బు చేతికొచ్చేసరికి వారాలు పట్టవచ్చు. అందుకే చదువో ఉద్యోగమో వదలనివ్వకండి. ప్రపంచస్థాయికి వెళ్లినవాళ్లూ అలాగే మొదలుపెట్టారు. స్టయిన్‌హౌస్ పోలీసు అధికారిణి. వెల్చ్ ఇంగ్లండ్ ప్రభుత్వ ఆరోగ్య సేవలో పనిచేశారు. ఖతార్ ప్రపంచకప్‌కి ఎంపికైన రువాండా రిఫరీ సలీమా ముకన్సంగా నర్సింగ్, ప్రసూతి సేవలు చదివారు. సెలవు దొరికే ఉద్యోగమైతే మేలు: పోలీసు, రైల్వే, వ్యాయామ ఉపాధ్యాయిని.

డబ్బు విషయంలో అమ్మాయికి ఇవి నేర్పండి. నియామకం మెసేజ్ భద్రంగా ఉంచాలి. టికెట్లు అసలువి దాచాలి. మ్యాచ్ రిపోర్టు, బిల్లు అదే రాత్రి పంపాలి. రిపోర్టు ఆలస్యమైతే డబ్బు ఆగడమే కాదు, రెడ్ కార్డు పడ్డ ఆటగాడి క్లబ్బు అభ్యంతరాలకి సందు దొరుకుతుంది.

ప్రయాణం సంగతి. నలుగురు అధికారులు ఒకే బండిలో వెళ్లి ఒకే బండిలో రావాలని ముందే అడగాలి. గది విడిగా కావాలని నోటితో కాకుండా రాతపూర్వకంగా, మ్యాచ్‌కి రెండు రోజుల ముందే అడగాలి. చిన్న మైదానాల్లో గది ఉండదు, ఆ రోజుకి ఇంటినుంచే లోపల కిట్, పైన ట్రాక్ సూట్ వేసుకెళ్లడం తేలిక. ఎక్కడైనా తేడాగా ప్రవర్తిస్తే అది రిఫరీ రిపోర్టులోకి వెళ్లాలి, ఆ రాత్రికే. "ఈసారికి వదిలేద్దాం" అన్న మాట పదిసార్లు వదిలేయడానికి దారి తీస్తుంది.

నెలసరి రోజుల్లో మ్యాచ్ పడితే? అడగడానికి సిగ్గుగా ఉంది. (పేరు వద్దన్న పాఠకురాలు)

సిగ్గు ఎందుకు, మీరొక్కరే కాదు అడిగింది. ఇబ్బంది లేకపోతే మ్యాచ్ చేయవచ్చు. నల్ల నిక్కరు లోపల బిగుతైన షార్ట్స్, సంచిలో ఇంకో జత, విరామంలో మార్చుకునే వీలు ముందే చూసుకోవడం చాలు. నొప్పి మాత్ర ఏదైనా మొదటిసారి మ్యాచ్ రోజున మింగకండి, ముందు సాధన రోజున చూసుకోండి. కొందరికి కడుపు తిప్పుతుంది. ప్రతి నెలా విపరీతంగా రక్తం పోతుంటే, మెట్లెక్కినా ఆయాసం వస్తుంటే హిమోగ్లోబిన్ చూపించుకోండి. పరుగు పరీక్షలో కారణం తెలియకుండా ఫెయిలయ్యే అమ్మాయిల్లో రక్తహీనత ఉన్నవాళ్లు తక్కువేమీ కాదు. తోటకూర, రాగులు, పప్పు తినండి, పైన నిమ్మకాయ పిండండి, తిన్న వెంటనే టీ మానండి. టీ ఇనుముని ఒంటికి పట్టనివ్వదు. మ్యాచ్ రోజున మూడు గంటల ముందు అన్నం, పప్పు, పెరుగు. ఆవకాయ మర్నాటికి.

స్పోర్ట్స్ బ్రా మీద డబ్బు ఆదా చేయకండి. రిఫరీ ఒక మ్యాచ్‌లో దాదాపు 10 నుంచి 12 కిలోమీటర్లు కదులుతారు.

మా అమ్మాయికి 14. ఇక్కడ సాకర్ ఆడుతోంది, రిఫరీ కూడా చేస్తానంటోంది. చదువు పాడవుతుందా? (ఓ తండ్రి, న్యూజెర్సీ)

మీరున్నచోట 13 ఏళ్లు నిండితే గ్రాస్‌రూట్స్ రిఫరీ లైసెన్సు తీసుకోవచ్చు. కొంత ఆన్‌లైన్‌లో, కొంత మైదానంలో కోర్సు. వారాంతాల్లో చిన్నపిల్లల మ్యాచ్‌లే ఉంటాయి, చేతిఖర్చుకి సరిపోతుంది. మొదటి ఏడాది తల్లిదండ్రులు గీత బయట నిలబడితే మంచిది. ఆ వయసులో రిఫరీలు మానేయడానికి పెద్ద కారణం పిల్లల తల్లిదండ్రుల అరుపులే. చదువు గురించి బెంగపడొద్దు. ఖతార్‌లో జెండా పట్టిన క్యాథరిన్ నెస్‌బిట్, టౌసన్ యూనివర్సిటీలో రసాయనశాస్త్రం పాఠాలు చెప్పిన ప్రొఫెసర్. ఆ ఉద్యోగం 2019లో వదిలి పూర్తిగా రిఫరీ పనికి వచ్చారు.

భారత జట్టు మ్యాచ్‌కి ఎప్పుడైనా మహిళా రిఫరీ వచ్చారా? రిఫరీని 'సర్' అనాలా 'మేడమ్' అనాలా? (ఓ బాల పాఠకుడు, కర్నూలు)

వచ్చారు. 2024 జనవరి 13న ఖతార్‌లో జరిగిన ఆసియా కప్‌లో మన జట్టు ఆస్ట్రేలియాతో ఆడిన మ్యాచ్‌ని జపాన్‌కి చెందిన యోషిమి యామషిత నడిపారు. పురుషుల ఆసియా కప్ మ్యాచ్‌కి రిఫరీ అయిన మొదటి మహిళ ఆవిడే. ఆ మ్యాచ్ మనం 0-2తో ఓడిపోయాం, దానికి రిఫరీ బాధ్యత ఏమీ లేదు.

పిలుపు సంగతి: అలవాటుకొద్దీ 'సర్' అనేస్తుంటారు, వాళ్లూ పట్టించుకోరు. మైదానంలో 'రిఫ్' అంటే ఇద్దరికీ చెల్లుతుంది. 'లైన్స్‌మన్' అన్న మాటని మాత్రం 1996లోనే తీసేసి 'అసిస్టెంట్ రిఫరీ' అని మార్చారు. మీ ఊరి మైకులో ఇంకా పాతదే వినిపిస్తుంటే, అనౌన్స్‌మెంట్ చేసే మావయ్యకి ఓ చీటీ రాసి పంపు.